నాది కాని పరుపు

ఇటు రా బిడ్డా, ఇంకొంచెం దగ్గరికి జరుగు. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. వరంగల్ కాశిబుగ్గలో దూది ఏకే మిషన్ నడిపే గౌస్ పాషా లేడూ, ఆయన కూతురి సంగతి చెబుతాను. దొంగలూ దొరలూ లేరు ఇందులో. ఒక మంచం కోసం ఆ పిల్ల ఆరు రోజులు పడ్డ పాట్లు, అంతే. మధ్యలో లేచిపోయావంటే మాత్రం మళ్ళీ మొదటినుంచి చెప్పను.

దసరా దగ్గర పడితే పరుపుల దుకాణానికి తీరిక ఉండదు. పరుపులో దూది గడ్డకట్టి నడుముకు గుచ్చుతోందని ఏడాదంతా ఊరుకున్నవాళ్ళకు కూడా అప్పుడే గుర్తొస్తుంది. ఆ సోమవారం వాన తెరిపిచ్చింది. గౌస్ పాషా దుకాణం ముందు పట్టాలు పరిచి, విప్పిన పరుపుల దూది ఎండకేశాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని వెదురుకర్రతో గడ్డలను కొడుతుంటే దుమ్ము లేచి ఎదురింటి గోడ దాకా పోతోంది. భార్య పర్వీన్ లోపల నేల మీద కూర్చుని, నింపిన పరుపుకు దబ్బనంతో జానెడుకొక కుట్టు వేస్తోంది. దబ్బనం పైనుంచి దించడం, కిందనుంచి లాగడం, ముడేయడం, ఆ ముడిని గోటితో ఒకసారి నొక్కి చూసుకోవడం. మాట్లాడుతున్నా ఆ వరస తప్పదు.

కూతురు అఫ్సానా గడప మీద కూర్చుని చీటీలు రాస్తోంది. ఆ దుకాణంలో అదీ ఒక పెద్ద పనే. పదిళ్ళ దూది ఒక్క మిషన్‌లోనే ఏకినా ఎవరి దూది వాళ్ళింటికే తిరిగి పోవాలి. ఒకరి దాంట్లో ఇంకొకరి పోగు కలిసిందని తెలిస్తే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ దుకాణం గడప తొక్కరు. అందుకే మూట కట్టగానే గుడ్డముక్క మీద పేరు రాసి పిన్నీసుతో గుచ్చుతారు. ఆరో తరగతి నుంచీ ఆ రాత అఫ్సానాదే. ఇంజనీరింగ్ అయిపోయింది. జర్మనీలో కెమ్నిట్జ్ అనే ఊళ్ళో నూలు మిషన్ల చదువుకు సీటొచ్చింది. పై వారం శుక్రవారానికి విమానం టికెట్టు కూడా ఉంది. అయినా చీటీలు మాత్రం తనే రాస్తోంది.

సీటుంది, వీసా ఉంది, టికెట్టుంది. లేనిదల్లా అక్కడ తల దాచుకునే చోటు. యూనివర్సిటీ హాస్టల్లో జనవరి దాకా జాగా లేదన్నారు. గౌస్ పాషా ముందే చెప్పేశాడు.

"తెలిసిన ఆడపిల్లలతోని ఉంటవంటె పంపుత. దిగినంక చూసుకుంటనంటె మాత్రం వద్దు బిడ్డా. వచ్చే యేడు పోదువు."

వచ్చే యేడంటే ఏమిటో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. అఫ్సానా పెదనాన్న కూతురి నర్సింగు చదువు కూడా అట్లాగే వచ్చే యేడుకు వాయిదా పడింది. ఆమెకిప్పుడు ఇద్దరు పిల్లలు.

కెమ్నిట్జ్‌లో చదివే మన పిల్లల వాట్సాప్ గ్రూపొకటి ఉంది. అందులో స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల సింధుజ ఆదివారంనాడు పెట్టింది: ముగ్గురం ఉంటున్నాం, నాలుగో మంచం ఖాళీ, తెలుగు అమ్మాయిలకు మాత్రమే అని. అఫ్సానా అదే రాత్రి జవాబు పంపింది. నమస్తే, నా పేరు అఫ్సానా, మాది వరంగల్, వంట వచ్చు, పొద్దున్నే లేస్తాను అని నాలుగు వరసలు, తెలుగు అక్షరాల్లోనే. సోమవారం చీటీలు రాస్తుండగా దానికి బదులొచ్చింది.

"సారీ అండి. ఓన్లీ తెలుగు గర్ల్స్." చివర చేతులు జోడించిన బొమ్మ.

అఫ్సానా తాను పంపిన నాలుగు వరసలూ మళ్ళీ చదువుకుంది. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. ఒక్క ఉర్దూ మాట లేదు. ఆ పిల్ల పేరు దగ్గరే ఆగిపోయినట్టుంది.

"ఏమన్నరే?" పర్వీన్ దబ్బనం ఆపకుండానే అడిగింది.

"మంచం అయిపోయిందట."

"పోనీలె. మా పిన్ని ఆడబిడ్డ మనమరాలు గక్కడనే చదువుతాందట, హైదరాబాద్ పిల్ల. మనోళ్ళే. నంబరు తెప్పిస్త."

సాయంత్రానికి నంబరొచ్చింది. ఆ అమ్మాయి ఉర్దూలో గలగలా మాట్లాడింది. అఫ్సానాకు నమాజు వరకు అరబీ వచ్చు, బజారు వరకు ఉర్దూ వచ్చు. జీ, హా అంటూనే మధ్యలో రెండుసార్లు తెలుగులోకి జారిపోయింది. అవతల చిన్న నవ్వు.

"ఆప్ లోగ్ దూదేకుల హై క్యా?"

అవును, దూదేకులవాళ్ళమే అంది.

"అచ్ఛా," అన్నదా పిల్ల. ఆ అచ్ఛా ఎంత పొడుగుందంటే, అందులోనే మొత్తం జవాబు పట్టేసింది. రూము సంగతి మళ్ళీ చెబుతామని పెట్టేసింది. మళ్ళీ చెప్పలేదు.

పక్క వీధిలో ఉండే దీప, బడి నుంచీ దోస్తు, కొరియర్ ఆఫీసు నుంచి వస్తూ దుకాణం మెట్ల మీద కూలబడింది. ఫోను లాక్కుని సింధుజ జవాబు చూసింది, హైదరాబాద్ పిల్ల సంగతి అడిగి విన్నది.

"నువ్వు తెలుగుదానివి కాదా? ఇంటర్ల నీ నోట్సు చూసి రాస్తేనే గదనే నాకు తెలుగుల డెబ్బై వచ్చినయి."

"అటు పోతె తెలుగుదాన్నంటరు. ఇటు పోతె తురకదాన్నంటరు."

"అక్కడ దిగినంక అందరు ఇండియన్ అనే అంటరు. గప్పుడు ఈ లొల్లే ఉండది."

"దిగేదాక నేనెవలను మరి?"

దీప ఆమె ఫోనులో సింధుజ నంబరు చూసుకుంది. తన ఫోను తీసి గబగబా కొట్టింది: నా దోస్తు సన, పక్కా వరంగల్ పిల్ల, అర్జంటుగ రూము కావాలె. అఫ్సానా చెయ్యి పట్టుకునేలోపే మెసేజ్ పోయింది.

"అవద్ధం గాదే. నిన్ను నేను సన అని పిలువనా? నీ పేరులకెంచే తీసిన."

అయిదు నిమిషాల్లో ఫోనొచ్చింది. సింధుజ. దీప స్పీకరు పెట్టి అఫ్సానా చేతిలో పెట్టింది.

"హలో, సననా? ఏం చేస్తాన్నవ్?"

"ఏం లేదు, దుకాణంల కూసున్న. వాన మొగులైతాంది, ఎండేసినయి లోపటికి ఎత్తుతాన్నం."

"అబ్బ, ఆ మాట ఇని ఎన్ని రోజులైతాంది," సింధుజ నవ్వింది. "ఇక్కడ అందరు టీవీ తెలుగు మాట్లాడుతరు. రా తల్లీ, మంచం నీదే."

ఇంటిపేరు అడగలేదు. పూర్తి పేరు అడగలేదు. నంబరడిగితే, తనది అఫ్సానా పేరుతో ముందే పోయింది గనుక అమ్మ ఫోనుది పంపింది. అఫ్సానా ఇంట్లోకి పోయి దీపకు తెలిసిన పిల్లలు దొరికారని చెప్పింది. గౌస్ పాషా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయి, అరగంటలో వేడి జిలేబీ పొట్లంతో వచ్చాడు. దీప నాలుగు తిన్నది. అఫ్సానా ఒకటి తీసుకుని, కొరికి, చాలాసేపు నమిలింది.

మంగళవారం రెండు మూటలొచ్చాయి. మొదటిది అనసూయది. హన్మకొండ నుంచి కారులో తెచ్చింది. కారు దిగకుండానే అద్దం దించి చెప్పింది. "గౌస్ పాషా, ఇది మా అత్తగారి కాలంనాటి దూది. వేరే వాళ్ళది కలిసిందో, చూడు మరి."

రెండోది మొగిలమ్మది. పత్తి ఏరే కూలికి పోయే మనిషి. షేరింగ్ ఆటోలో మూట ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. "జర మంచిగ ఏకు బిడ్డా," అని, ఒక చెయ్యి మూట మీద వేసి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

అఫ్సానా రెండు చీటీలు రాసింది. గుచ్చేవేళకు, పక్కనే పెట్టుకున్న అమ్మ ఫోను టింగుమంది. సింధుజ గొంతు.

"సనా, కారంపొడి మర్చిపోకు. ఇంకో మాట, ఇక్కడ మనమంతా కలిసి బతుకమ్మ ఆడుదాం. పాటలు వస్తయా నీకు?"

రావడమేమిటి. వాడకట్టులో దీపవాళ్ళమ్మ తర్వాత గొంతెత్తేది తనే. అఫ్సానా వస్తాయని చెబుతూనే, ఆ పిల్ల సనా అన్నప్పుడల్లా వెనక ఎవరో ఉన్నట్టు తిరిగి చూడబుద్ధై, ఒక చేత్తో ఫోను పట్టుకుని మరో చేత్తో పిన్నీసులు గుచ్చేసింది. ఏ మూటకు ఏది గుచ్చిందో చూసుకోలేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూసుకోవలసిన పని పడలేదు.

బుధవారం మిషన్ నడిచింది. గడ్డలు పళ్ళ రోలరు కింద పడి, చీలి, అవతలి వైపు మబ్బులా లేచాయి. గౌస్ పాషా రెప్పల మీద, మీసాల మీద దూది. పర్వీన్ సంచీలు నింపి, సన్నకర్రలతో చదును చేసి, కుట్టింది. సాయంత్రం ఒక పరుపు హన్మకొండకు, ఒకటి మొగిలమ్మ ఇంటికి పోయాయి.

గురువారం పొద్దున్నే మొగిలమ్మ మళ్ళీ వచ్చింది, ఆటో మీద పరుపు కట్టించుకుని.

"అయ్యా గౌసూ, ఇది నాది గాదు."

"నీదే అవ్వా. చీటి చూసే పంపిన."

"చీటి సంగతి నాకెర్కలే. దూది ఎర్క." ఆమె పరుపు అంచున కుట్టు కొంచెం విప్పి, చిటికెడు దూది లాగి, వేళ్ళ మధ్య సాగదీసి చూపించింది. "గిది పాల లెక్క తెల్లగున్నది. నాది జర పసుపు కొడ్తది. ఏరిననాడు వానకు తడిసింది. నేనూ మా ముసలాయనా రెండెకరాలు కౌలుకు పట్టినం. గా ఒక్క యేడే మాదనుకొని ఏరినం. తర్వాతంత కూలికే ఏరుడాయె."

గౌస్ పాషా కూడా చిటికెడు తీసి చూశాడు. మొహం మారింది. అయినా ఒక మాట అని చూశాడు.

"నీ దానికన్న మంచి దూదే పడ్డది అవ్వా. పండుకుంటె తెల్వలేదా?"

"తెల్వకేం. మెత్తగనే ఉన్నది." మొగిలమ్మ దూదిని మళ్ళీ లోపలికి తోసి, విప్పిన కుట్టును బొటనవేలితో మూసింది. "రాత్రంత మెత్తగనే ఉన్నది. నిద్రే రాలె. నాది గాదు గద."

ఆమె కోపంగా అనలేదు. ఎండ బాగుందన్నంత మామూలుగా అన్నది. పర్వీన్ దబ్బనం సగంలో ఆగిపోయింది.

"నేనే గుచ్చిన బాపూ," అఫ్సానా అన్నది. "చూడలె."

తండ్రీ కూతుళ్ళు అదే ఆటోలో హన్మకొండ పోయారు. అనసూయ వాకిట్లోనే నిలబెట్టి విన్నది. వింటూ వింటూ కొంగు ముక్కు దాకా తెచ్చుకుంది.

"అంటే రాత్రి మేము ఎవరిదో కూలోళ్ళ దూది మీద..."

లోపలినుంచి ఆమె భర్త గొంతు వినిపించింది. "అనసూయా, పరుపోళ్ళు వచ్చిన్రా? రెండోది సుత దీని లెక్కనే చెయ్యమను. మూడేండ్ల సంది ఇట్ల నిద్ర పోలె నేను."

అనసూయ లోపలికి పోయి, ఆ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. పరుపు తెచ్చి ఇచ్చి, తన దూది తనకు రేపటికల్లా కొత్త సంచీలో రావాలని చెప్పింది. గౌస్ పాషా చేతులు కట్టుకుని అట్లాగేనమ్మా అన్నాడు. ఆటో వీధి మలుపు తిరిగేదాకా గంభీరంగానే ఉన్నాడు. తిరిగాక ఆయన భుజాలు కదిలాయి. అఫ్సానాకూ ఆగలేదు. పరుపు మీద మొహం పెట్టి నవ్వింది.

"చూసినవా బిడ్డా," కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "ఏకినంక దూదికి ఏ ఇల్లు ఎర్కుండది. మన్షికే పట్టింపు."

"మరి మొగిలవ్వ గుర్తు పట్టె గద?"

గౌస్ పాషా పరుపు తాడు సవరించాడు. "ఆమె చీటి సూడలె. చెయ్యి పెట్టి సూసింది."

వెయ్యి స్తంభాల గుడి దాటాక అఫ్సానా చెప్పింది. ఇద్దరి మధ్యా పరుపుంది. ఆమె దానివైపే చూస్తూ చెప్పింది.

"బాపూ, ఆ జర్మనీ పిల్లలకు నా పేరు సన అని చెప్పినం."

"ఎందుకు?"

"అఫ్సానా అంటె తెలుగోళ్ళకే అన్నరు. సన అంటె రమ్మన్నరు."

గౌస్ పాషా ఆమె జుట్టులో చిక్కుకున్న దూది పోగొకటి తీసి, గాలికి వదలకుండా వేళ్ళ మధ్య నలిపాడు. ఈయన తిడితే బాగుండునని ఆమెకనిపించింది.

"ఇప్పుడు చెప్తె జాగ పోతది."

"పోతది."

"జాగ లేకుంటె నేను పంపను. ఆ మాట మీదనే ఉన్న నేను."

"ఎర్కే బాపూ."

ఆయన చెప్పమనలేదు, వద్దనలేదు. కాశిబుగ్గ వచ్చేదాకా పరుపు జారకుండా ఇద్దరూ చెరో అంచు పట్టుకుని కూర్చున్నారు.

దుకాణంలో కాచుకుని ఉన్న మొగిలమ్మ తన పరుపు మీద అరచెయ్యి ఒకసారి పైనుంచి కింది దాకా నిమిరి, ఆటో ఎక్కి పోయింది. పొద్దు గూకకముందే అఫ్సానా దుకాణం వెనక్కి పోయి, మిషన్ ఆగి ఉన్న సమయం చూసి, గొంతు రికార్డు చేసింది. మొదటిసారి చెరిపేసింది. రెండోసారి ఆగకుండా చెప్పింది.

"సింధుజా, సన అని మాట్లాడింది నేనే. నా పేరు అఫ్సానా. గౌస్ పాషా బిడ్డను. మాకు కాశిబుగ్గల దూది ఏకే మిషన్ ఉన్నది, మేము దూదేకులోళ్ళం, ముస్లిములం. ఆదివారంనాడు నా పేరుతోని తెలుగుల మెసేజ్ పెడితె తెలుగోళ్ళకే అన్నవు. నాకు కల సుత తెలుగుల తప్ప రాదు. పేరు మార్చి నీతోని మాట్లాడింది మాత్రం తప్పే, అది నా మీదనే పెట్టుకుంట. మంచం ఇంకెవలికన్న ఇచ్చుకో, నేనేమనుకోను. కాని నేను తెలుగుదాన్ని గాదన్నవు చూడు, గా మాట ఒక్కటి వాపసు తీసుకో."

పంపింది. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

దీప వచ్చి విని తల పట్టుకుంది. "పిచ్చిదానా, ఒక్క వారం ఆగితె విమానంల ఉండేదానివి."

"ఉంటుండె. సన ఉంటుండె."

శుక్రవారమంతా జవాబు రాలేదు. పర్వీన్ సగం సర్దిన పెట్టెను మూయకుండా, తీయకుండా వదిలేసింది. జుమ్మాకు పోయివచ్చిన గౌస్ పాషా అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, "టికెట్టు వాపసియ్యాల్నంటె ఎప్పటిదాక టైముంటది బిడ్డా?" అని అడిగాడు. సోమవారం దాకా అని చెప్పింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేదు, కింద పెట్టలేదు. అఫ్సానా లేచిపోయి అనసూయ దూదికి కొత్త చీటీ రాసి, రెండుసార్లు చూసి గుచ్చింది.

శనివారం మధ్యాహ్నం మిషన్ నడుస్తుండగా తెలియని నంబరు మోగింది. పొడుగు నంబరు, విదేశానిది. అఫ్సానా మిషన్ ఆపమని చేయి ఊపింది. దూది గాల్లోనే ఉండిపోయింది.

"అఫ్సానక్కనా?" అవతల సన్నటి గొంతు. "నేను నిత్యను. కాదు. ఆగు. నా పేరు రూతు. మాది మరిపెడ."

"చెప్పు రూతూ."

"నీ మెసేజ్ మొన్న సింధుజ వంటింట్ల స్పీకర్ల పెట్టి ఇనిపిచ్చింది. చూసిన్రా ఎట్ల మోసం చేసిందో అన్నది. నేను బియ్యం కడుగుతాన్న. ఏడాది సంది వీళ్ళతోని ఉంటాన. వచ్చినప్పుడు నిత్య అని చెప్పిన. ఆదివారం ప్రార్థనకు పోతె లైబ్రరీకి పోతాన అని పోయేది." ఆ పిల్ల గుక్క తిప్పుకుంది. "నాకు సుత కలలు తెలుగులనే వస్తయి అన్న. ఇంక నా పేరు చెప్పిన. బియ్యం నీళ్ళన్ని కింద పోసిన."

"సింధుజ ఏమన్నది?"

"నిన్న పొద్దంత మాట్లాడలె. మా మూడో ఆమె వేరే ఇల్లు చూసుకుంటనన్నది, పోనియ్. ఇయ్యాల పొద్దుగాల సింధుజ చాయ తెచ్చి పెట్టి, ఏడాది సంది ప్రార్థనకు దొంగతనంగ పోయినవా నువ్వు అన్నది. గంతే. ఇప్పుడు పక్కనే ఉన్నది. నీకు ఫోను చెయ్యనికి సిగ్గుపడుతాంది, నన్ను చెయ్యమన్నది."

వెనకనుంచి సింధుజ గొంతు వినిపించింది, పొడిపొడిగా. "వంట సంగతి అడుగు. ఏమేం వండుతదో అడుగు."

"పచ్చిపులుసు, గుడాలు," అఫ్సానా అన్నది. "మిగిలినయి వచ్చినంక అందరం కూసొని మాట్లాడుకుందాం."

అవతల ఎవరో నవ్వారు. రూతు కాదు.

గౌస్ పాషా తువ్వాలు మెడలోకి లాగి చెయ్యి చాచాడు. ఫోను చెవికి పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"రూతు, అంకుల్."

"అసలు పేరేనా?"

"మొన్నటి సంది అసలుదే అంకుల్."

ఆయన పర్వీన్ వైపు చూశాడు. "ఇగ తెలిసిన పిల్లే," అన్నాడు. పర్వీన్ లేచి లోపలికి పోయింది. పెట్టె తాళం చప్పుడైంది.

ఫోను మళ్ళీ అఫ్సానా చేతికొచ్చింది. రూతు ఇంకా లైన్లోనే ఉంది.

"అక్కా, ఇంకొకటి. ఇక్కడ పోస్టు డబ్బా మీద పేరు లేకుంటె ఉత్తరాలు ఇయ్యరు, వాపసు పోతయి. నాది ఇయ్యాల్నే మార్పిచ్చిన. సింధుజ పెన్ను పట్టుకొని కూసున్నది. నీది ఎట్ల రాయాలె?"

"పాస్‌పోర్టుల ఉన్నట్టు. షేక్ అఫ్సానా. మొత్తం రాయుమను."

"డబ్బా మీద జాగ జర చిన్నగున్నదక్కా."

"అక్షరాలు చిన్నగ రాయుమను," అన్నది అఫ్సానా.

మరుసటి శుక్రవారం ఆ పిల్ల పోయింది. అంతే కథ. ఇది నీ దగ్గరే దాచుకోకు బిడ్డా. రేపు ఎక్కడికో పోయే పిల్ల ఎవరైనా నీ పక్కన కూర్చుంటే చెప్పు. నీకు తోచినట్టు ఇంత కలుపు, ఇంత తీసెయ్యి, నేనేమీ అనుకోను. ఆ పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెప్పు, పొట్టి చేయకు.